చార్మినార్ గుమ్మంలో ఒక అక్షరం: నాణేలు గ్రేడింగ్‌కు పంపిన నా అనుభవం

మా నాయనమ్మ సందుగలో పదకొండు నిజాం రూపాయలుండేవి. ఆమె పోయాక బాపు, చిన్నాయన, మేనత్తలు పంచుకున్నారు. నీకేం కావాలని నన్నడిగితే, దీపావళికి లక్ష్మీపూజలో పెట్టే రూపాయి ఒక్కటిస్తే చాలన్నాను. మిగతా పది నల్లబడి ఉండేవి. ఇది మాత్రం తెల్లగా మెరిసేది.

ఆ మెరుపు ఎక్కడి నుంచి వచ్చిందో చిన్నప్పుడు పక్కనే కూర్చుని చూశాను. పండుగ ముందురోజు నాయనమ్మ నానబెట్టిన చింతపండు గుజ్జులో పొయ్యి బూడిద కలిపి, రూపాయిని అరచేతిలో పెట్టుకుని బొటనవేలితో గుండ్రంగా తోమేది. చెంబు నీళ్లతో కడిగి, కొంగుతో తుడిచి, పసుపు కుంకుమ పెట్టేది. ఆ రూపాయి మీద చార్మినార్ బొమ్మ ఉంటుంది. దాని మధ్య గుమ్మంలో ఒక ఉర్దూ అక్షరం ఉంటుంది. ఆ అక్షరం వంపులో ఇప్పటికీ కాస్త కుంకుమ ఇరుక్కుని ఉంది. భూతద్దం పెడితే ఎర్రగా కనిపిస్తుంది.

పోయిన ఏడాది ఈ రూపాయిని ఇంకో మూడు నాణేలతో కలిపి గ్రేడింగ్‌కు పంపాను. గ్రేడింగ్ అంటే నాణెం అసలుదో కాదో, ఎంత అరిగిందో చూసి నంబరు వేయడం. మన దేశంలోనే కొత్తగా మొదలైన ఒక సర్వీసు అది. పేరు రాయను, నాకు కావలసింది వాళ్ల పరువు తీయడం కాదు. ఏం ఆశించి పంపానో, ఏం వచ్చిందో, ఎక్కడ గట్టిగా అడగాల్సి వచ్చిందో చెబితే నాలాగా పంపాలనుకునే వాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

నేను నల్గొండలో ఒక కాలేజీలో అకౌంట్స్ చూస్తాను. సొంతూరు దేవరకొండ దగ్గర. నాణేల పిచ్చి నాయనమ్మ రూపాయితోనే మొదలైంది కానీ, పెరిగింది మాత్రం ప్రకాశం బజార్లో వెండి పని చేసే ఒకాయన దగ్గర. వెండి ధర పెరిగిన ప్రతిసారీ చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం పాత రూపాయలు తెచ్చి ఆయన తక్కెడలో పోసేవారు. చార్మినార్ రూపాయలు, అంటే మన పెద్దలు హాలీ సిక్కా అనేవి, పదకొండు గ్రాముల పైచిలుకు తూగుతాయి. కల్దార్లు, అంటే ఇంగ్లీషు రాజుల బొమ్మ ఉన్నవి, ఇంకొంచెం బరువు, 11.66 గ్రాములు. ఆయనకు రెండూ ఒకటే, మూసలోకి పోవాల్సిన వెండి. నేను తూకం ధర మీద కొంచెం ఎక్కువిచ్చి ముందే ఏరుకునేవాణ్ణి. కరిగిపోయిన వాటిలో ఏమేం పోయాయో తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

గడియారం సెంటర్ దగ్గర ఒక హోటల్లో నెలకో ఆదివారం మేం ఆరుగురం కలుస్తాం. కొత్త సర్వీసు వచ్చిందని తెలిసిన నెల చాయ్ మీద చాయ్ తాగుతూ మధ్యాహ్నం దాకా అదే మాట్లాడుకున్నాం.

మిర్యాలగూడ నుంచి వచ్చే రైస్ మిల్లు గుమస్తా ఉన్నాడు. ఆయన అడిగింది సూటి ప్రశ్న. "నంబరేస్తే ధర పెరుగుతదా, లేదా?" దేవరకొండలో మెడికల్ షాపు నడిపే అన్నది ఇంకో బాధ. వారానికి ఒకరైనా ఆయన షాపుకు రాగిబిళ్ల పట్టుకొస్తారట. ఒకవైపు హనుమంతుడో సీతారాములో, ఇంకోవైపు ఈస్టిండియా కంపెనీ, అర్ధణా, 1818 అని. లక్షలొస్తాయని ఎవరో చెప్పారంటారు. కంపెనీ వాళ్లు దేవుళ్ల బొమ్మలతో ఇలాంటి అర్ధణాలు వేయనే లేదు. అవి యాత్రాస్థలాల్లో అమ్మే బిళ్లలు. మా బంధువుల అబ్బాయి అయితే పాత ఐదు రూపాయల నోటుకు లక్షలిస్తామన్న ఫోన్ నమ్మి, ప్రాసెసింగ్ ఫీజని విడతలుగా కట్టి పోగొట్టుకున్నాడు. రిజర్వ్ బ్యాంక్ పేరు చెప్పి ఇలా పాత నోట్లకు, నాణేలకు కమీషన్లు గుంజుతున్నారని 2021లో ఆ బ్యాంకే హెచ్చరించింది. "నమ్మకంగా ఇది అసలు, ఇది నకిలీ అని చెప్పేటోడు ఒక్కడుంటే చాలు, నాకు నంబరు కూడా వద్దు" అన్నాడు మెడికల్ షాపు అన్న.

మాలో పెద్దాయన రిటైరైన ఉర్దూ సారు. నాకు ఉర్దూ అంకెలు నేర్పింది ఆయనే. అందరి మాటలూ విని ఆఖర్న ఒక్క మాట అడిగాడు. "అంతా మంచిదే బేటా. మన సిక్కా మీద ఏం రాసుందో వాళ్లకు చదవొస్తదా?"

అప్పుడు నేను ఆ మాటను పెద్దగా పట్టించుకోలేదు.

నేనేం ఆశించానంటే, మొదటిది గ్రేడింగ్ చేసేవాళ్లు నాణేలు అమ్మేవాళ్లు కాకూడదు. పరీక్ష రాసినవాడే పేపరు దిద్దుకున్నట్టు ఉంటుంది లేకపోతే. రెండోది, నంబరుతో పాటు కారణం చెప్పాలి. ఈ నంబర్ల పద్ధతి అమెరికాది. 1949లో విలియం షెల్డన్ అనే ఆయన వాళ్ల పాత పెద్ద రాగి సెంట్ల కోసం 1 నుంచి 70 దాకా ఒక కొలత తయారు చేశాడు. అక్కడి గ్రేడింగ్ కంపెనీలు పీసీజీఎస్ 1986లో, ఎన్‌జీసీ 1987లో పని మొదలుపెట్టి నాణేన్ని ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసి దాని మీద నంబరు వేసే పద్ధతిని ప్రపంచమంతా పాకించాయి. ఆ పెట్టెనే స్లాబ్ అంటాం. 60, ఆపైన వస్తే వాడకంలోకి రానిది. 50 నుంచి 58 అంటే అరిగీ అరగనట్టుండేది. కిందికి వెళ్లేకొద్దీ అరుగుదల. మంచి కొలతే. కానీ దాన్ని మన నాణెం మీద వాడేవాళ్లకు మన నాణెం తెలిసుండాలి కదా.

మరి ఆ అమెరికా కంపెనీలకే పంపొచ్చు కదా అని అడిగేవాళ్లు చాలామంది. ఇక్కడ చట్టం గురించి ఒక మాట చెప్పాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువే. మామూలు మనిషి దాన్ని దేశం దాటించకూడదు, తిరిగి తెప్పించుకుంటానన్నా సరే. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్, అదే మహబూబ్‌నగర్‌కు ఎవరి పేరు పెట్టారో ఆయన, కాలం రూపాయలన్నీ ఆ గీత దాటేశాయి. ఆయన తర్వాతి ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ తొలి రోజుల రూపాయలూ దాటేశాయి. ఏడాదికేడాది ఆ గీత ముందుకు జరుగుతూనే ఉంటుంది. అందుకే మన దగ్గరే ఒక నిజాయితీ గల సర్వీసు ఉండడం నాకు సరదా కాదు, అవసరం.

నాలుగు నాణేలు ఎంచుకున్నాను. నాయనమ్మ రూపాయి ఒకటి. వెండి షాపులో కొన్న మహబూబ్ కాలం రూపాయి ఒకటి. అయిదో జార్జి 1911 రూపాయి ఒకటి. రాజు వేసుకున్న అంగీ మీది ఏనుగు బొమ్మ పందిలా కనిపిస్తోందని గొడవై, మరుసటి ఏడాదే బొమ్మ మార్చారు. అందుకే దాన్ని పంది రూపాయి అంటారు. నాలుగోది ఆరో జార్జి 1939 రూపాయి. అది దొరకడమే కష్టం. హైదరాబాద్‌లో ఒకాయన దగ్గర నా రెండు నెలల జీతం పెట్టి కొన్నాను.

ఫారం నింపడానికి ఒక రాత్రంతా పట్టింది. ఒక్కో నాణేనికి ఒక్కో వరస: దేశం, విలువ, సంవత్సరం, బరువు, మనం చెప్పే ధర. ఆ ధర మీదే ఫీజు, ఇన్సూరెన్సు. తగ్గించి రాస్తే ఫీజు మిగులుతుంది, దారిలో పోతే మాత్రం రాసినంతే వస్తుంది. నేను ఉన్నదున్నట్టు రాశాను. నాణేలను పీవీసీ లేని కవర్లలో పెట్టాను. మెత్తగా జారే ప్లాస్టిక్ కవర్లలో పెడితే కొన్నాళ్లకు నాణెం మీద పచ్చటి జిగురు పడుతుంది, దయచేసి వాడకండి. ఒకటి ఇంకోదానికి తగలకుండా అట్టల మధ్య బిగించాను. అంతకుముందు ప్రతి నాణేన్నీ రెండువైపులా ఫొటో తీసి, తూకం వేసి, తూకం యంత్రం అంకె కనిపించేలా ఇంకో ఫొటో తీశాను. ఆ ఫొటోలే తర్వాత నన్ను కాపాడాయి.

హెడ్ పోస్టాఫీసులో ఇన్సూరెన్సు కట్టి పంపాను. రసీదు చేతికొచ్చాక కూడా కాసేపు కౌంటర్ దగ్గరే నిలబడ్డాను. నాయనమ్మ రూపాయి ఇల్లు దాటి పోవడం అదే మొదటిసారి.

ముప్పై రోజులన్నారు. డెబ్బై దాటాయి. ఫోన్ చేస్తే "ప్రాసెస్‌లో ఉంది సార్" అనే మాటే. టెన్షన్ అంతా ఇంతా కాదు. ఆలస్యం అవుతుందని ముందే ఒక మెసేజ్ పెడితే ఎవరూ ఏమీ అనరు. సంగతి చెప్పకుండా కూర్చోబెట్టడమే మనిషిని తినేస్తుంది.

చివరికి పార్శిల్ వచ్చింది. పంది రూపాయికి 45. నేను అనుకున్నది అంతే. 1939 రూపాయి స్లాబ్‌లో లేదు, నేను పంపిన కవర్లోనే ఉంది. దాంతో ఒక కాగితం, ఒక పెద్ద ఫొటో. సంవత్సరంలో చివరి 9 అంకె దగ్గర లోహాన్ని గీకిన జాడను ఆ ఫొటోలో బాణం గుర్తుతో చూపించారు. 1938 రూపాయి మీది 8ని చెక్కి 9 చేశారని రాశారు. నా దగ్గరున్న భూతద్దంతో చూశాను. నిజమే. తొమ్మిది కడుపు కింద ఎడమవైపు సన్నగా గరుకుగా ఉంది. రెండు నెలల జీతం పోయింది. అయినా ఆ కాగితం మీద నాకు కోపం రాలేదు. అబద్ధాన్ని నా కళ్లకు చూపించారు. నేను ఆశించింది సరిగ్గా అదే.

మహబూబ్ రూపాయికి నంబరు లేదు, డీటెయిల్స్ అని రాశారు. అంటే నాణెం అసలుదే కానీ ఏదో దెబ్బ తగిలింది కాబట్టి నంబరు ఇవ్వం అని. కొక్కెం తీసిన గుర్తు ఉందన్నారు. అంచు మీద పన్నెండు గంటల స్థానంలో కొంచెం టాంకా మరక ఉంది, నేనూ చూశాను. మా దేవరకొండ వైపు తండాల్లో లంబాడీ ఆడవాళ్లు రూపాయలకు కొక్కేలు వేయించి రవికలకు, ఓణీలకు కుట్టుకునేవారు. ఎవరి ఒంటి మీదో పెళ్లిలో గలగలలాడిన రూపాయి అది. మార్కెట్లో ఆ గుర్తు లోపం కావచ్చు, కానీ నేను ఆ రూపాయిని అమ్మను.

నాయనమ్మ రూపాయికీ డీటెయిల్స్. తోమినట్టు ఉంది అని. అది ముందే ఊహించాను. స్లాబ్‌ను ట్యూబ్‌లైట్ కింద అటూ ఇటూ తిప్పితే, ఎప్పుడూ తోమని వెండి మీద వెలుగు చక్రంలా తిరుగుతుంది. దీని మీద వెలుగు నిలిచిపోయి, సన్నటి గీతలు గుండ్రంగా కనిపిస్తాయి. అవి నాయనమ్మ బొటనవేలు తిరిగిన దారులు. వాళ్లు రాసింది నిజం. దాని మీద నాకు తగాదా లేదు.

తగాదా లేబుల్ మీద. ముస్లింల హిజ్రీ లెక్కలో ఉండే సంవత్సరం 1327 అని కొట్టారు.

నేను పంపిన ఫారంలో 1337 అని స్పష్టంగా ఉంది. ఉర్దూ అంకెల్లో రెండుకు పైన ఒక వంపు, మూడుకు రెండు వంపులు. కాస్త అరిగితే మూడు రెండులా కనిపిస్తుంది, ఒప్పుకుంటాను. కానీ ఈ నాణెం మీద సంవత్సరం ఒక్కచోటే కాదు, ఇంకో రెండు సాక్ష్యాలున్నాయి. గుమ్మంలో ఉన్న అక్షరం ఐన్. ఉస్మాన్ పేరులో మొదటి అక్షరం. మహబూబ్ అలీ ఖాన్ కాలంలో అదే గుమ్మంలో మీమ్ అక్షరం ఉండేది. హిజ్రీ 1327 అంటే 1909. అప్పటికి మహబూబ్ అలీ ఖాన్ బతికే ఉన్నాడు. ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కింది 1911 ఆగస్టులో, హిజ్రీ 1329లో. గద్దెనెక్కడానికి రెండేళ్ల ముందు ఆయన అక్షరంతో రూపాయి ఎలా వస్తుంది? రెండో సాక్ష్యం వెనక వైపున్న పాలనా సంవత్సరం, 8 అని ఉంది. 1329 నుంచి లెక్కపెడితే ఎనిమిదో ఏడు 1337లోకే వస్తుంది. అంటే 1918-19. అదే 1918లో హైదరాబాద్ సంస్థానం సొంత నోట్లు వేయడానికి చట్టం చేసింది.

ఇదంతా మెయిల్‌లో రాశాను. మూడు రోజులకు రెండు వాక్యాల జవాబు వచ్చింది. మా నిపుణులు పరిశీలించారు, లేబుల్ సరైనదే, మార్చాలంటే మళ్లీ ఫీజు కట్టి పంపండి అని.

నాకు నిజంగా కోపం వచ్చింది. నకిలీ రూపాయి దగ్గర ఫొటో తీసి బాణం గీసి చూపించిన మనుషులే, ఇక్కడ ఒక్క కారణం కూడా చెప్పలేదు. ఈ స్లాబ్ రేపు ఎవరి చేతికో వెళ్తే వాళ్లు లేబుల్‌నే నమ్ముతారు. ఉస్మాన్ రూపాయికి 1327 అని ఒక పుస్తకంలోకో పట్టికలోకో ఎక్కితే అది దిద్దేవాడెవడు?

ఆ సాయంత్రమే స్లాబ్ తీసుకుని ఉర్దూ సారు ఇంటికి వెళ్లాను. ఆయన కళ్లద్దాలు పైకి నెట్టి, నాణెం చూసి, తెల్లకాగితం మీద కలంతో అంకెలు రాశాడు. ఒకటి నుంచి తొమ్మిది వరకు, ఒక్కోటి పెద్దగా. రెండు కింద, మూడు కింద గీత గీశాడు. తర్వాత మీమ్ రాసి పక్కన మహబూబ్ అని, ఐన్ రాసి పక్కన ఉస్మాన్ అని రాశాడు. "తిట్టకు బేటా. చదవనీకె రానోనికి చదువు చెప్పాలె గానీ" అన్నాడు. ఆ కాగితం ఫొటో, నేను ముందే తీసి పెట్టుకున్న ఫొటోలు, రెండు సంవత్సరాలనూ పెద్దవి చేసి కలిపి పంపాను. ఈసారి ఒకటే అడిగాను. ఐన్ అక్షరం ఉన్న రూపాయి 1327లో ఎలా సాధ్యమో కారణం రాయండి, రాయలేకపోతే మీ ఖర్చుతో లేబుల్ మార్చండి.

పది రోజులు ఏ సమాధానమూ లేదు. తర్వాత ఫోన్ వచ్చింది. కుర్రవాడి గొంతు. పొరపాటు మాదేనండీ, రానూపోనూ పోస్టు ఖర్చు మేమే పెట్టుకుంటాం అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. ఆ అంకెల కాగితాన్ని ప్రింట్ తీసి బల్ల మీద అతికించుకున్నాం, పర్లేదా అని. నా కోపం సగం అక్కడే దిగిపోయింది.

రూపాయి తిరిగొచ్చింది. ఇప్పుడు లేబుల్ మీద 1337, పాలనా సంవత్సరం 8, ఐన్ అని కూడా ఉంది. తోమినట్టు ఉంది అనే మాట అలాగే ఉంది, ఉండాలి కూడా.

దీపావళికి ఊరెళ్లినప్పుడు స్లాబ్‌ను అలాగే పూజలో పెట్టాను. మా అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇట్ల మూసిపెడితే కుంకుమ యాడ పెట్టాలె?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆమె ప్లాస్టిక్ మీదే, సరిగ్గా గుమ్మం ఉన్నచోట బొట్టు పెట్టింది.

ఇప్పుడు రెండో విడత పంపుతున్నాం, ఈసారి అందరం కలిసి. ఉర్దూ సారు తన నారాయణపేట రూపాయి ఇస్తున్నాడు. చేత్తో కొట్టిన నాణెం, అచ్చు పెద్దది, బిళ్ల చిన్నది, అందుకే అక్షరాలు సగం అంచుల్లో తెగిపోయి ఉంటాయి. పైగా దాని మీద నారాయణపేట అని ఉండదు, దిల్షాదాబాద్ అనే టంకసాల పేరు ఉంటుంది. మొన్న ఆదివారం హోటల్లో నేను ఫారం నింపుతుంటే ఆయన కాగితం తన వైపు లాక్కుని, టంకసాల అన్న గడిలో ఉర్దూలో నిదానంగా దిల్షాదాబాద్ అని రాశాడు. వాళ్లకు అర్థం కాదేమో సార్, ఇంగ్లీషులో కూడా రాద్దామన్నాను.

"వద్దు. చదవరాకపోతే ఫోన్ చేస్తరు. కింద నా నంబరెయ్యి" అన్నాడు.